82 లాట్ల దగ్గర ఆగిపోయిన ఫారం: గుంటూరు కోల్డ్ స్టోరేజీలో ఒక కేస్ స్టడీ

గుంటూరులో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి తప్ప ఇంకో మాట ఉండదు. యార్డులో ఆ రోజు ధర నచ్చని రైతు, రేటు పెరుగుతుందని ఆగే వ్యాపారి, ఇద్దరూ సరుకును కోల్డ్ స్టోరేజీకే తోలతారు. ఊరి చుట్టూ ఉన్న అలాంటి స్టోరేజీల్లో ఒకదానికి నాలుగేళ్ల కిందట నేనొక చిన్న సాఫ్ట్‌వేర్ రాసిచ్చాను. సర్వర్ మీద నడిచే పీహెచ్‌పీ భాష, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్, చవకలో దొరికే షేర్డ్ హోస్టింగ్ (చాలామంది పంచుకునే అద్దె సర్వర్). బ్రాడీపేటలో ఒక గదిలో కూర్చుని ఒక్కడినే ఇలాంటివి చేస్తుంటాను. స్టోరేజీ పేరు చెప్పను. తప్పంతా నా కోడ్‌లోనే ఉంది, వాళ్ల పేరు ఎందుకు బయటపెట్టడం.

ఫారం ఎలా ఉండేదో ముందు చెప్పాలి, కథంతా దాని చుట్టూనే ఉంది. సరుకు దిగిన రోజు సాయంత్రం ఇన్‌వర్డ్ బుక్ (వచ్చిన సరుకు రాసే పుస్తకం) పక్కన పెట్టుకుని ఆ రోజు లాట్లన్నీ, అంటే ఒక్కొక్కరు దించిన సరుకు ఒక్కో లాటుగా, ఒకే పేజీలో కొట్టేస్తారు. పైన నాలుగు గడులు: తేదీ, చాంబర్ నంబర్, రాసిన మనిషి కోడ్, కంటికి కనపడని సెక్యూరిటీ టోకెన్. వాటి కింద లాటుకొక వరస. వరసకు పన్నెండు గడులు: లాట్ నంబర్, రైతు పేరు, ఊరు, ఫోన్, రకం, టిక్కీలు (మిర్చి బస్తాలు), బరువు, ర్యాక్, లారీ నంబర్, హమాలీ, అడ్వాన్సు, రిమార్కు. వరస చివర ‘తాలు’ అని ఒక చెక్‌బాక్స్. తాలు అంటే తెలిసిందేగా, రంగు పోయి తెల్లబడిన కాయ. తేజ రకం మిర్చికి పలికే ధర తాలుకు పలకదు. అన్నిటికంటే అడుగున రెండు బటన్లు: డ్రాఫ్ట్, ఫైనల్. ఫైనల్ నొక్కితే బాండ్లు, అంటే సరుకు స్టోరేజీలో ఉందని రాసిచ్చే రసీదులు, ప్రింటవుతాయి. ఆ బాండు పెట్టి రైతు బ్యాంకులో అప్పు తెచ్చుకుంటాడు, కాబట్టి అందులో ఒక్క మాట తేడా వచ్చినా ఆఫీసు ముందు గొడవే.

మూడు సీజన్లు ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. రోజుకు నలభై, యాభై లాట్లు, మహా అయితే అరవై. నాలుగో ఏడు కొత్త చాంబర్ తెరిచారు. రోజుకు వంద లాట్లు దిగడం మొదలైంది. పని పెరిగిందని గుమాస్తా గారికి తోడుగా ఒక కుర్రాడిని పెట్టారు. అప్పటి నుంచి నా ఫోన్ మోగడం మొదలైంది.

మూడు ఫోన్లు

మొదటి ఫోన్ గుమాస్తా గారిది. ఆయనకు అరవై దాటాయి. నన్ను అబ్బాయ్ అంటారు, నేను బాబాయ్ గారూ అంటాను.

“ఫైనల్ నొక్కినా డ్రాఫ్ట్‌లోనే ఉంటోంది అబ్బాయ్.”

“నెట్ స్లోగా ఉందేమో బాబాయ్ గారూ. లిస్టులోకి వెళ్లి ఇంకోసారి ఫైనల్ చేసేయండి.”

అలా చేస్తే పనయింది. ఆయన ఊరుకున్నారు, నేనూ ఊరుకున్నాను. ఈ కేసులో నేను సిగ్గుపడాల్సిన మాట ఏదైనా ఉంటే ఆ ‘నెట్ స్లోగా ఉందేమో’ అన్నదే. సర్వర్ తన తప్పులు రాసుకునే లాగ్ ఫైలు ఒక్కసారి తెరిచి ఉంటే ఆ సాయంత్రమే తేలిపోయేది.

రెండో ఫోన్ మూడు రోజుల తర్వాత వచ్చింది. ఒక రైతు బాండు పట్టుకుని ఆఫీసుకొచ్చాడట. కళ్లు చెదిరే ఎరుపున్న తేజ సరుకు తెస్తే బాండు మీద ‘తాలు’ అని పడింది. పక్క లాటు నిజంగానే తాలు, దాని మీద మాత్రం ఏమీ లేదు. కొత్త కుర్రాడు తప్పు గడిలో టిక్కు పెట్టాడని అందరూ వాడినే తిట్టారు. నేను కూడా మనసులో వాడినే అనుకున్నాను.

మూడోది అసలు దెబ్బ. “నిన్న 97 లాట్లు దిగాయి, రిపోర్టులో 83 ఉన్నాయి. మొన్న 104 దిగితే 82 ఉన్నాయి. మిగతావి ఎక్కడికి పోయాయి?” ఈసారి ఆయన గొంతులో అబ్బాయ్ లేదు. చాంబర్లో సరుకుంది, పుస్తకంలో రాత ఉంది, కంప్యూటర్లో లేదు. మామూలుగా జనం భయపడేది దీనికి రివర్సులో, కంప్యూటర్లో ఉండి చాంబర్లో లేకపోతే. అంతవరకు నయం అనుకోవాలి.

నేను తొక్కిన తప్పు దారులు

మొదట టైమవుట్ అనుకున్నాను. పెద్ద ఫారం కదా, సేవ్ చేస్తూ మధ్యలో సర్వర్ తెగ్గొట్టిందేమోనని టైము 30 సెకన్ల నుంచి 120కి పెంచాను. మార్పు లేదు. తర్వాత డేటాబేస్ మీద అనుమానపడ్డాను. ఏదో ఒక వరసలో పొడవు ఎక్కువై ఆగిపోయిందేమో, రైతు పేర్లు తెలుగులో కొడతారు కదా అని. పేర్లలో ఏ తేడా లేదు. ఆ తర్వాత ఫారం సైజు. పీహెచ్‌పీలో పోస్ట్ సైజుకు, అంటే ఫారంతో వచ్చే మొత్తం డేటాకు, మామూలుగా 8 ఎంబీ హద్దు ఉంటుంది. కానీ ఆ హద్దు దాటితే పోస్ట్ అర్రే (ఫారం విలువలను పీహెచ్‌పీ పేర్చి ఇచ్చే జాబితా) మొత్తం ఖాళీగా వస్తుంది, సగం రాదు. మాకు వచ్చింది సగానికి పైనే. కాబట్టి అదీ కాదు.

ఇన్ని అనుమానాలు బ్రాడీపేట గదిలో కూర్చునే పడ్డాను. చివరికి బండేసుకుని స్టోరేజీకి వెళ్లి, మధ్యాహ్నం మూడింటికి, ముందు రోజు 97 లాట్లనూ టెస్ట్ పేజీలో కుర్రాడి చేత మళ్లీ కొట్టించాను. గంటన్నర పట్టింది. గదంతా మిర్చి ఘాటు, తుమ్ములు. వాడు చాలా జాగ్రత్తగా కొడతాడు. తాలు టిక్కు ఒక్కటీ తప్పు పెట్టలేదు. నేను పక్కనే ఉండి చూశాను.

ఫైనల్ నొక్కే ముందు బ్రౌజర్లో డెవలపర్ టూల్స్ తెరిచి నెట్‌వర్క్ ట్యాబ్ పెట్టుకున్నాను. నొక్కగానే బ్రౌజర్ నుంచి ఏం వెళ్లిందో అందులో ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది. మామూలు ఫారం వెళ్లేది ఒక పొడవాటి తీగలా: గడి పేరు, సమానం గుర్తు, విలువ, ఆ తర్వాత & గుర్తు, మళ్లీ గడి పేరు. తెలుగు అక్షరాలు అలాగే వెళ్లవు. ‘గ’ అనే ఒక్క అక్షరం ఈ0, బీ0, 97 అనే మూడు బైట్లవుతుంది, ఒక్కో బైటు ముందు ఒక పర్సెంట్ గుర్తు. అంటే అక్షరానికి తొమ్మిది గుర్తులు. ‘గుంటూరు’ అని కొడితే యూనికోడ్ లెక్కలో ఏడు (గ, కొమ్ము, సున్న, ట, దీర్ఘం కొమ్ము, ర, కొమ్ము), తీగలో 63. చూడ్డానికి భయంకరంగా ఉంటుంది కానీ మొత్తం కలిపినా వంద కేబీ లేదు. 97వ లాటు దాకా అన్నీ ఉన్నాయి. చిట్టచివర ఫైనల్ బటన్ విలువ కూడా ఉంది.

అంటే బ్రౌజర్ అన్నీ పంపింది, కుర్రాడి తప్పు లేదు. వాడికి ఆ మాట అక్కడే అందరి ముందూ చెప్పాను.

ఇక రెండో చివర చూడాలి. నా పీహెచ్‌పీ ఫైలు మొదట్లో రెండు లైన్లు పెట్టాను. ఒకటి, పీహెచ్‌పీ విడదీయక ముందు సర్వర్‌కు వచ్చిన ముడి తీగను ఇన్‌పుట్ స్ట్రీమ్ నుంచి చదివి ఫైల్లో రాయడం. (ఫైళ్లు అప్‌లోడ్ చేసే మల్టీపార్ట్ ఫారాలకు ఈ దారి పని చేయదు. మాది మామూలు ఫారం కాబట్టి సరిపోయింది.) రెండోది, పీహెచ్‌పీ విడదీసి నా చేతికిచ్చిన పోస్ట్ అర్రేలో ఎన్ని విలువలున్నాయో లోపలి దాకా లెక్కపెట్టడం.

ముడి తీగలో & గుర్తులు 1179. అంటే విలువలు 1180. చేత్తో లెక్కేస్తే సరిపోయింది: పైన 4, వరసలు 97 ఇంటూ 12 అంటే 1164, తాలు టిక్కులు 11, బటన్ 1.

పోస్ట్ అర్రేలో ఉన్నవి సరిగ్గా 1000.

అంత గుండు అంకె మనుషుల లెక్కల్లో రాదు. ఎవరో కావాలని గీసిన గీత అది. అప్పుడు హోస్టింగ్ ప్యానెల్లో ఎర్రర్ లాగ్ తెరిచాను. ఇన్‌పుట్ వేరియబుల్స్ 1000 దాటాయి, పెంచుకోవాలంటే మ్యాక్స్ ఇన్‌పుట్ వేర్స్ సెట్టింగ్ మార్చుకో అని ఒక వార్నింగ్. వంద లాట్లు మొదలైన ప్రతి సాయంత్రం ఏడు, ఎనిమిది మధ్యలో అదే లైను. రోజూ చెబుతూనే ఉంది, వినే వాడు లేడు. ఎర్రర్లు స్క్రీన్ మీద చూపించొద్దని ఆపింది నేనే. లైవ్ సైటుకు అది చేయాల్సిన పనే. కానీ స్క్రీన్ మీద ఆపిన వాడు లాగ్ చూసే అలవాటు చేసుకోవాలి.

ఎందుకు 83, ఎందుకు 82

హద్దు 1000 అని తెలిశాక కూడా ఒకటి పీకుతూనే ఉంది. హద్దు ఒకటే అయితే ఆగే చోటు రోజుకొక రకంగా ఎందుకు మారుతోంది? మొదట పెన్ను తీసి 1000లోంచి పై నాలుగు తీసేసి 996ను 12తో భాగిస్తే ఠంచనుగా 83 వచ్చింది. సరిపోయిందని సంబరపడ్డాను. కానీ మొన్నటి రిపోర్టులో ఉన్నవి 82. పైగా నిన్నటి 83వ లాటులో లాట్ నంబర్, రైతు పేరు, ఊరు ఉన్నాయి, ఫోన్ నుంచి అన్నీ ఖాళీ, టిక్కీలు సున్నా. మొన్నటి 82వ లాటులో ఫోన్ కూడా ఉంది, రకం నుంచి ఖాళీ.

తేడా చెక్‌బాక్సుల్లో ఉంది. టిక్కు పెట్టని చెక్‌బాక్సును బ్రౌజర్ అసలు పంపదు. సున్నా అని పంపదు, ఖాళీ అనీ పంపదు, ఆ పేరే తీగలో ఉండదు. పెడితేనే ఒక విలువ అదనంగా వెళ్తుంది. నిన్న మొదటి 82 లాట్లలో 9 తాలు. 4, 984, 9 కలిపితే 997. మిగిలిన చోటు మూడు, అందులో పట్టినవి 83వ లాటు నంబరు, పేరు, ఊరు. మొన్న మొదటి 81 లాట్లలో 20 తాలు. 4, 972, 20 కలిపితే 996. మిగిలింది నాలుగు, కాబట్టి ఫోన్ దాకా వచ్చింది. తాలు ఎక్కువ దిగిన రోజు ఫారం ముందే ఆగుతోంది! కాగితం మీద ఈ లెక్క రెండు రోజులకూ అక్షరం తప్పకుండా సరిపోయినప్పుడు, నష్టం మాట మరిచిపోయి కాసేపు ఆనందపడ్డాను. ఈ పని చేసేవాళ్లందరికీ ఉన్న జబ్బే ఇది.

మొదటి ఫోన్‌కూ జవాబు దొరికింది. బటన్ విలువ తీగలో చిట్టచివర ఉంటుంది కాబట్టి కోత పడితే ముందు పోయేది అదే. నా కోడ్‌లో ‘ఫైనల్ వస్తే ఫైనల్ చెయ్, లేకపోతే డ్రాఫ్ట్‌లో పెట్టు’ అని ఉంది. ఏ బటన్ రాకపోయినా డ్రాఫ్టే. ఆ ‘లేకపోతే’ రాసేటప్పుడు జాగ్రత్తపడుతున్నాననే అనుకున్నాను.

ఇలాంటి ‘లేకపోతే’లు ఆ ఫైల్లో ఇంకా పదకొండు ఉన్నాయి. పీహెచ్‌పీ 7 నుంచి రెండు ప్రశ్నార్థకాల గుర్తు వచ్చింది, ‘ఆ పేరుతో విలువ ఉంటే ఇవ్వు, లేకపోతే దీన్ని వాడు’ అని. లేని గడిని చదివితే పడే వార్నింగ్ చికాకు పోతుందని అందరం విరివిగా వాడేస్తాం. దాంతో మూడు వేర్వేరు సంగతులు ఒక ముద్దయిపోతాయి: గడి అసలు రాకపోవడం, గడి ఖాళీగా రావడం, గడిలో సున్నా రావడం. స్టోరేజీ భాషలో చెప్పాలంటే లారీ రాకపోవడం, లారీ ఖాళీగా రావడం, లారీతో పాటు ‘సరుకు లేదు’ అన్న చీటీ రావడం. మూడింటికీ పుస్తకంలో సున్నా రాసే గుమాస్తాను ఎవరైనా ఒక్క రోజు ఉంచుతారా? నా కోడ్ మూడేళ్లు ఉద్యోగం చేసింది. పీహెచ్‌పీలో ఎంప్టీ అనే ఫంక్షన్ ఈ ముద్దను ఇంకా పిసుకుతుంది, ‘0’ అని కొట్టినా అది ఖాళీ అనే చెబుతుంది. అడ్వాన్సు సున్నా అని కావాలని రాసిన గడికి, రాయడం మరిచిన గడికి తేడా అక్కడే పోతుంది.

ఆ వెయ్యి ఎక్కడిది

పీహెచ్‌పీ పుట్టిందే ఫారాలు చదవడానికి. తొలి రోజుల్లో దాని పేరు పీహెచ్‌పీ/ఎఫ్ఐ, ఎఫ్ఐ అంటే ఫారమ్స్ ఇంటర్‌ప్రెటర్. అలాంటి దానికి ఈ హద్దు చాలా ఏళ్లు లేదు. 2011 డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన కేయాస్ కమ్యూనికేషన్ కాంగ్రెస్‌లో ఇద్దరు పరిశోధకులు ఒక దాడి చూపించారు. ఫారంలో వచ్చే పేర్లను సర్వర్ భాషలు హ్యాష్ టేబుల్‌లో పెట్టుకుంటాయి. పేరును బట్టి ఏ ర్యాక్‌లో పెట్టాలో లెక్కగట్టి అక్కడ పెడతాయి, అందుకే వెతకడం తేలిక. కానీ అన్నీ ఒకే ర్యాక్‌కు వెళ్లేలా పేర్లు తయారుచేసి వేల సంఖ్యలో పంపితే, కొత్త టిక్కీ పెట్టే ప్రతిసారీ ఆ ర్యాక్‌లో ఉన్నవన్నీ తడిమి చూడాల్సి వస్తుంది. పేర్లు రెట్టింపయితే పని నాలుగింతలు. కొద్దిపాటి డేటాతోనే ప్రాసెసర్‌ను నిమిషాల తరబడి కదలనీయకుండా చేయొచ్చు. దానికి పీహెచ్‌పీ వాళ్లు 2012 జనవరిలో 5.3.9 వెర్షన్‌లో వెంటనే వేసిన అడ్డుకట్టే ఈ 1000.

హద్దు పెట్టడంలో తప్పు లేదు. పైథాన్ భాషలో సైట్లు కట్టే జాంగోలోనూ ఫారం గడులకు 1000 హద్దే ఉంది, దాటితే రిక్వెస్టునే తిప్పికొడుతుంది. జావాస్క్రిప్టు వాళ్లు వాడే ఎక్స్‌ప్రెస్‌లో ఫారాన్ని విడదీసే పార్సర్‌కూ 1000 హద్దు ఉంది, అదీ ఎర్రర్ ఇస్తుంది. పీహెచ్‌పీ మాత్రం మొదటి వెయ్యి తీసుకుని, మిగతావి పారేసి, లాగ్‌లో ఒక లైను రాసి, ఏమీ జరగనట్టు మన కోడ్‌ను నడిపిస్తుంది. పాత సైట్లు ఒక్కసారిగా ఆగిపోకూడదని అలా చేసి ఉండొచ్చు. నాకు మాత్రం అది నచ్చలేదు. డబ్బులకు సంబంధించిన ఫారం సగం చేరడం కంటే అసలు చేరకపోవడమే నయం.

తాలు సంగతి

రైతు బాండు మీద తాలు పడిన గొడవకు హద్దుతో సంబంధం లేదు. అది మొదటి రోజు నుంచి ఉన్న తప్పు.

వరసల్లో గడుల పేర్ల చివర ఉత్త చదరపు బ్రాకెట్లు పెట్టాను, అంకె లేకుండా. అలా పెడితే పీహెచ్‌పీ వచ్చినవి వచ్చినట్టు 0, 1, 2 అని వరస నంబర్లు ఇచ్చుకుంటుంది. మామూలు గడులు ఖాళీగా ఉన్నా వెళ్తాయి కాబట్టి పేరు 40, ఊరు 40, టిక్కీలు 40 ఒకే లాటువి. చెక్‌బాక్సులు అలా వెళ్లవు. 12వ, 30వ, 55వ లాట్లకు టిక్కు పెడితే సర్వర్‌కు వచ్చేది మూడు విలువల అర్రే, నంబర్లు 0, 1, 2. నా కోడ్ దాన్ని చదివి మొదటి మూడు లాట్లకు తాలు వేసేస్తుంది. మేం కొట్టిన 97 లాట్లలో అందిన 9 టిక్కులూ పై తొమ్మిది లాట్ల నెత్తిన పడ్డాయి.

అయితే మూడు సీజన్లు ఎవరూ ఎందుకు పట్టుకోలేదు? అదే అడిగాను గుమాస్తా గారిని.

“తాలు లాట్లు ముందు రాసేవాణ్ణి కదా.”

“ముందు రాయడమేంటి బాబాయ్ గారూ?”

“పుస్తకంలో ఎక్కడున్నా సరే, నీ దాంట్లో తాలువన్నీ ముందు కొట్టి తర్వాత మంచివి కొడితే సరిగ్గా వస్తుంది. మొదటి నెల్లోనే కనిపెట్టాను. సాఫ్ట్‌వేర్ పద్ధతి అంతేనేమో అనుకున్నా అబ్బాయ్.”

కుర్రాడికి ఆ సంగతి చెప్పడం మరిచిపోయారు. వాడు పుస్తకంలో ఉన్న వరసలోనే కొట్టాడు, అంటే నేను అనుకున్న పద్ధతిలో సరిగ్గా వాడింది వాడొక్కడే. నాకు నోట మాట రాలేదు. ఆయన నా తప్పును మూడేళ్లు తన పనిలో కలిపేసుకుని మోశారు.

ఏం మార్చాను

ఆ రాత్రికే హద్దు పెంచాలి, మర్నాడు మళ్లీ లారీలు వస్తాయి. ఈ సెట్టింగును కోడ్ లోపల మార్చలేం. మన కోడ్ మొదటి లైను నడిచేసరికే పీహెచ్‌పీ ఫారాన్ని విడదీసేసి ఉంటుంది, అప్పుడు పెంచి లాభం లేదు. షేర్డ్ హోస్టింగులో ఫోల్డర్లో యూజర్ ఐఎన్ఐ అనే సెట్టింగుల ఫైలు పెట్టి మార్చుకోవాలి. పెట్టాను, 3000 అని. టెస్ట్ చేస్తే మళ్లీ 1000. స్పెల్లింగ్ చూశాను, ఫోల్డర్ చూశాను, హోస్టింగ్ వాళ్లను తిట్టుకున్నాను. టీ తాగి వచ్చి మళ్లీ నొక్కితే 1180 వచ్చాయి. పీహెచ్‌పీ ఆ ఫైలును మామూలుగా 300 సెకన్లకొకసారే మళ్లీ చదువుతుందని అప్పుడు గుర్తొచ్చింది. ఇది మార్చేవాళ్లు ఐదు నిమిషాలు ఓపిక పట్టండి.

తాలుకు వరస నంబరు పేరులోనే పెట్టాను. ఇప్పుడు బ్రాకెట్లలో అంకె ఉంటుంది, 12వ లాటు గడులన్నీ 12 కిందే వస్తాయి, చెక్‌బాక్స్ కూడా. టిక్కు రాకపోతే ఆ లాటు తాలు కాదని, ఆ నంబరు కింద మిగతా పన్నెండు గడులూ ఉంటేనే నమ్ముతాను. బటన్ విషయంలో డ్రాఫ్ట్, ఫైనల్ రెండిట్లో ఏదో ఒకటి వచ్చి తీరాలి. ఏదీ రాకపోతే ‘ఫారం పూర్తిగా అందలేదు’ అని ఆపేస్తుంది. అలా ఫారం చివరి బటనే పూర్తి అందిందనడానికి గుర్తయింది.

విజయవాడలో ఉండే స్నేహితుడొకడు వరసలన్నీ జేసన్ (డేటా అంతా ఒకే పొడవాటి మాటగా రాసే పద్ధతి) చేసి ఒకే గడిలో పంపితే హద్దు గోలే ఉండదు కదా అన్నాడు. నిజమే, అదీ మంచి దారే. కానీ హద్దు తప్పించుకోవడం వేరు, వచ్చింది సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవడం వేరు. నాకు రెండోది కావాలి.

దానికి దారి స్టోరేజీ వాకిట్లోనే కనిపించింది. లారీ రాగానే డ్రైవర్ చేతిలో చిట్టా ఉంటుంది, ఇన్ని టిక్కీలు అని. హమాలీ మేస్త్రీ ఆ చిట్టా చూడకుండా, దిగిన పది టిక్కీలకొక సుద్దగీత గోడ మీద గీస్తూ పోతాడు. చివర్లో గీతలూ చిట్టా సరిపోతేనే గుమాస్తా గారు సంతకం పెడతారు. ఒక్క టిక్కీ తేడా ఉన్నా లారీ కదలదు. నా ఫారంలో ఈ పనే లేదు. బ్రౌజర్ ఎన్ని పంపిందో సర్వర్‌కు ఎవరూ చెప్పలేదు, సర్వర్ అడగనూ లేదు.

కాబట్టి ఫారం పైభాగంలో, కోత పడని చోట, రెండు గడులు కలిపాను: మొత్తం లాట్లు, మొత్తం టిక్కీలు. వీటిని జావాస్క్రిప్టుతో కూడించి నింపొచ్చు, కానీ కావాలనే నింపలేదు. స్క్రీన్ మీద ఉన్నవే కూడితే పుస్తకంలోంచి ఎక్కించడం మరిచిన లాటు దొరకదు. ఇన్‌వర్డ్ బుక్ అడుగున వేసిన టోటల్ చూసి గుమాస్తా గారే కొట్టాలి. సర్వర్ అందిన వరసలను లెక్కపెట్టి, టిక్కీలు కూడి, రెండూ సరిపోతేనే ట్రాన్సాక్షన్ పూర్తి చేస్తుంది. లేకపోతే ఒక్క లాటు కూడా సేవ్ కాదు. కొట్టినవి స్క్రీన్ మీదే ఉంటాయి, తేడా ఎంతో ఎర్రగా చూపిస్తుంది.

మొదటి సాయంత్రమే బోల్తా పడ్డాను. అన్నీ సరిగ్గా కొట్టినా ‘చిట్టాలో 3, అందినవి 3912’ అని వచ్చింది. ఆయన 3,912 అని కామాతో కొట్టారు. పీహెచ్‌పీలో ఆ మాటను అంకెగా మార్చమంటే కామా దాకా చదివి 3 అని ఇచ్చేస్తుంది, కిక్కురుమనదు. లక్షల్లో అయితే ఇంకా ఘోరం, 2,45,000 కాస్తా రెండు రూపాయలవుతుంది. ఒళ్లు చల్లబడింది, ఎందుకంటే అడ్వాన్సు గడి కూడా నేను అలాగే చదువుతున్నాను. పాత రికార్డులు వెతికితే అడ్వాన్సు పది రూపాయల లోపు ఉన్న లాట్లు ఆరు దొరికాయి. మిర్చి మీద ఐదు రూపాయల అడ్వాన్సు ఎవరిస్తారు? లెడ్జర్ చూసి అన్నీ సరిదిద్దాం. ఇప్పుడు కామాలు, ఖాళీలు తీసేసి, తెలుగు అంకెలు కొడితే మామూలు అంకెలుగా మార్చి, ఆ తర్వాత కూడా అంకెలు, ఒక చుక్క తప్ప ఇంకేమన్నా ఉంటే ఆ గడిని ఒప్పుకోను.

పోయిన లాట్ల లెక్క తేలడానికి రెండు రాత్రులు పట్టింది. ఐదు సాయంత్రాల్లో కలిపి 88 లాట్లు ఎక్కలేదు, ఐదు సగమే ఎక్కాయి. ఇన్‌వర్డ్ బుక్ ఉంది కాబట్టి బతికాం. గుమాస్తా గారు చదివారు, కుర్రాడు కొట్టాడు, నేను చాంబర్ ర్యాక్ చీటీలతో సరిచూశాను. తప్పు తాలు పడిన బాండ్లు రద్దు చేసి కొత్తవి ఇచ్చారు. ఆ పనికి నేను డబ్బు తీసుకోలేదు, వాళ్లూ ఇస్తామనలేదు.

ఇప్పుడు ప్రతి ఫారానికి ముడి తీగ ఏడు రోజులు దాస్తాను. అందులో రైతుల ఫోన్ నంబర్లు ఉంటాయి కాబట్టి ఎనిమిదో రోజు చెరిగిపోతుంది. ఎర్రర్ లాగ్‌లో కొత్త లైను పడితే ఉదయం ఏడింటికి నాకు మెయిల్ వస్తుంది. వేసవిలో పని తగ్గాక వంద వరసల పేజీని తీసేసి పాతిక వరసల పేజీలు చేశాను, టోటల్ మాత్రం పేజీకొకటి కొట్టాలి. దాని మీద కుర్రాడికి కొంచెం కోపం ఉంది.

పోయిన వారం వెళ్లినప్పుడు గుమాస్తా గారు కంప్యూటర్ ముందు ఉన్నారు. చూస్తే తాలు లాట్లన్నీ ముందు కొడుతున్నారు. ఇక అవసరం లేదు బాబాయ్ గారూ, ఎక్కడ కొట్టినా సరిగ్గా పడుతుంది అన్నాను. తల ఊపి, తర్వాతి తాలు లాటు కోసం పుస్తకంలో పేజీ తిప్పారు.